టవరుకు వెండిరంగు

ఏలూరులో మిలిటరీ నుంచి తిరిగొచ్చిన మనిషి ఎదురైతే జనం అడిగేవి రెండే. "కాంటీన్ కార్డు ఉందాండీ?" అన్నది మొదటిది. "ఎక్కడ వాచ్‌మన్‌గా చేరారండీ?" అన్నది రెండోది. మంచులో ఎన్నాళ్ళున్నావు, కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయా అని అడిగే పాపాన ఎవడూ పోడు. దేశభక్తి అంతా ఆగస్టు పదిహేనున చాక్లెట్లు పంచేటప్పటికే అయిపోతుంది.

హవల్దార్ ఫిరోజ్ రైలు దిగి ఆటో ఎక్కేసరికే ఈ రెండు ప్రశ్నలూ అయిపోయాయి. నల్ల ట్రంకుపెట్టె మీద తెల్లక్షరాలతో ఉన్న పేరూ నంబరూ చూసి ఆటోవాడు వెనక్కి తిరిగాడు.

"రిటైరైపోయారాండీ?"

"అయిపోయాను."

"అయితే నెలకి బాటిల్స్ వస్తాయి గదండీ?"

"నేను తాగను."

ఆటోవాడు బండి స్లో చేశాడు. అంత శుభవార్త వాడు ఆ మధ్య విని ఉండడు. "మా ఫోన్ నంబరు రాసుకోండి సార్," అన్నాడు. సార్ అన్నాడు గాని ఆటోకి పది రూపాయలు ఎక్కువే తీసుకున్నాడు.

తంగెళ్ళమూడిలో ఇంటి ముందు దిగేసరికి బావమరిది అక్రమ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అక్రమ్ ఊళ్ళో ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజరు. బ్యాంకులకీ, ఏటీఎంలకీ, బంగారు కొట్లకీ మనుషుల్ని సప్లై చేయడం వాడి పని. బావని కావలించుకుని, లోపలికి తీసుకెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న నీలం యూనిఫారం చూపించాడు. భుజాల మీద ఎర్ర పట్టీలు, ఛాతీ మీద విజిల్ తాడు.

"కుట్టించేశాను బావా. సోమవారం నుంచి డ్యూటీ. బ్యాంకులో గన్‌మన్."

"నా కొలతలు ఎక్కడివిరా నీకు?"

"మీ నిఖాకి షేర్వానీ కుట్టిన టైలర్ దగ్గర ఉన్నాయి. పొట్ట దగ్గర కాస్త వదిలి కుట్టమన్నాను. మనిషన్నాక పెరుగుతాడు గదా."

ఫిరోజుకి పొట్ట పెరగలేదు. పెరిగింది చిరాకు. పదిహేడేళ్ళు నిలబడ్డాడు మనిషి. ఎడారిలో నిలబడ్డాడు, మంచులో నిలబడ్డాడు, ఆఫీసర్ల పెళ్ళిళ్ళలో గేటు దగ్గర నిలబడ్డాడు. ఇక మిగిలిన బతుకంతా కూర్చుని పనిచేయాలని ఒట్టు పెట్టుకున్నాడు. అది కూడా మామూలు కుర్చీలో కాదు. కింద చక్రాలుండి, కాలితో తంతే గిర్రున తిరిగే కుర్చీలో. అందుకే సర్వీసు చివర్లో సికింద్రాబాదులో మిలిటరీ వాళ్ళు నేర్పే కంప్యూటరు హార్డ్‌వేరు కోర్సుకి పేరిచ్చాడు, వైర్లు బిగించడం నేర్చాడు, సర్టిఫికెట్టు తెచ్చాడు. ఆ సర్టిఫికెట్టు చూసిన రోజే కూతురు మెహర్ స్కూల్లో చెప్పేసింది, మా నాన్న కంప్యూటర్ ఇంజనీర్ అని. టీచరు చప్పట్లు కొట్టించిందట. చప్పట్లయిపోయాయి, ఉద్యోగం రావడమే మిగిలింది.

"నేను యూనిఫారం తొడగను," అన్నాడు ఫిరోజ్.

"తొడగద్దు బావా, అక్కడే ఉండనివ్వండి," అన్నాడు అక్రమ్, దాన్ని తీసే ప్రయత్నం చేయకుండా. "మనసు మారిందనుకోండి, వెతుక్కునే పనుండదు."

నెల తిరక్కుండానే అక్రమ్ అన్నదే నిజమయ్యేలా ఉంది. పాత బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపువాడు బయోడేటాలో మొదటి లైను మాత్రం చదివి, "వాచ్‌మన్ ఇంటర్వ్యూ సాయంత్రం అండీ, అలా బయట కూర్చోండి," అన్నాడు. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో లాబ్ అసిస్టెంటు కావాలంటే వెళ్ళాడు. ఆ ప్రిన్సిపాల్ కంప్యూటర్ల గురించి ఒక్క ముక్క అడగలేదు. ఫిరోజ్ మీసాల వంకా, నిలబడిన తీరు వంకా మురిపెంగా చూసి, "మా కుర్రాళ్ళు గోడ దూకి సినిమాలకి పోతున్నారండీ. ఆ గోడ దగ్గర మీరుంటే ఎంత బాగుంటుందండీ!" అన్నాడు. అదే ఊళ్ళో ఉల్లిపాయల మార్కెట్టులో ఒక పెద్ద వ్యాపారి కంప్యూటర్ కాటా పెట్టించాడు, దాన్ని చూసుకునే మనిషి కావాలన్నారు. వెళితే, చూసుకోవడమంటే ఎవడూ ఎత్తుకుపోకుండా చూసుకోవడమని తేలింది.

ఇలాంటి రోజుల్లో గంగరాజు దొరికాడు.

గంగరాజు కొల్లేట్లో చేపల చెరువుల మనిషి. అంతకు ముందేడు సర్కారు వాళ్ళు సరస్సులోపలి చెరువుగట్లు తెగ్గొట్టేస్తే ఆయనవి చాలామటుకు పోయాయి. మండవల్లి దగ్గర పట్టా భూమిలో ఉన్న చెరువు ఒక్కటే మిగిలింది. నీళ్ళ మీద నమ్మకం పోయి గాలి మీద పడ్డాడు. ఏలూరులో మూడంతస్తుల మేడ మీద టవరు లేపి, మండవల్లిలో ఇంకో టవరు లేపి, మధ్యలో వైరు లేకుండా ఇంటర్నెట్టు ఇస్తానని 'కొల్లేరు స్పీడ్ నెట్' అని బోర్డు కట్టాడు. ఇంటర్నెట్టంటే ఏమిటో ఆయనకి అప్పటికీ తెలియదు, తరువాతా తెలియలేదు. యజమానికి తెలియాల్సిన అవసరం ఏముంది? తెలిసినవాడిగా అభిరామ్ ఉన్నాడు. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చే బీటెక్ కుర్రాడు. తెలివైనవాడే, కాని టవరు మూడు మెట్లు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. అందుకే ఎక్కేవాడొకడు కావాల్సి వచ్చాడు.

గంగరాజు బయోడేటా చదివాడు.

"కాంటీన్ కార్డుందాండీ?"

"ఉందండీ. నేను తాగనండీ."

"మీరు తాగకపోతే మరీ మంచిది గదండీ!"

"సబ్బులూ కుక్కర్లూ తప్ప ఏమీ తేనండీ. ఇంట్లో ఒప్పుకోరు."

గంగరాజు మొహం గండిపడ్డ చెరువులా అయిపోయింది. కాసేపు ఫ్యాను వంక చూశాడు. "సరే లెండి. ముందు ఆర్నెల్లు చూద్దాం. పని బాగుంటే నెట్‌వర్క్ ఇన్‌ఛార్జిగా పర్మనెంటు చేస్తాను. లేదనుకోండి, మండవల్లి చెరువు మీద కాపలాకి మనిషి ఎప్పుడూ కావాలి, అదెక్కడికీ పోదు."

అంటే ఇక్కడ తేడా వచ్చినా కాపలాయే. ఐనా ఆ ఆర్నెల్లకీ గిర్రున తిరిగే కుర్చీ ఇచ్చారు. ఒక చక్రం లేదు. ఆ మూల ఇటుక పెట్టుకుని కూర్చునేవాడు ఫిరోజ్. ఇటుక పెడితే తిరగదు, అది వేరే సంగతి.

పనిలో లోపం లేదు. లోపమల్లా పద్ధతిలో ఉంది. గంగరాజు లోపలికొస్తే చాలు, ఫిరోజ్ కుర్చీ వెనక్కి తన్ని నిటారుగా లేచి, "గుడ్ మార్నింగ్ సర్!" అని కేకేసేవాడు. ఆ కేకకి రిసెప్షన్లో సలోమి చేతిలో టీ ఒలికేది. సలోమి టీ తాగడం మానేసింది గాని ఆయన కేక మానలేదు. నెట్టు రాలేదని ఎవరైనా ఫోన్ చేస్తే అదొక విచారణ.

"ఎప్పటినుంచి రావట్లేదు?" అనేవాడు ఫిరోజ్ ఫోన్లో.

"పొద్దున్నించండీ," అన్నాడు ఒకసారి మండవల్లి నుంచి ఒక మేత కొట్టాయన.

"ఆ టైములో మీరెక్కడున్నారు?"

"కొట్లోనే ఉన్నానండీ."

"మీతో ఇంకెవరున్నారు? వాళ్ళ పేర్లు చెప్పండి."

"ఏవండీ, ఇది ఇంటర్నెట్టు ఆఫీసేనాండీ? నేను పోలీస్ స్టేషనుకి గాని చేశానాండీ?"

ఆయన మళ్ళీ కంప్లయింటు చేయలేదు. కంప్లయింట్లు తగ్గాయని గంగరాజు సంతోషించాడు. నెట్టు బాగుపడిందో, జనం భయపడ్డారో ఎవరు చూడొచ్చారు?

ఆర్నెల్లు దగ్గరపడ్డాయి. ఒక రోజు గంగరాజు అందర్నీ పిలిచి చెప్పాడు. మరిన్ని టవర్లు వేయడానికి బ్యాంకు లోను అడిగాడు. చీఫ్ మేనేజరు చలపతిరావు గారు స్వయంగా వచ్చి చూస్తానన్నారు. ఎల్లుండి పొద్దున్నే రాక. ఇక్కడ కూర్చుని కంప్యూటర్లో మండవల్లి సెంటరు చూడాలి, ఆ సెంటరు చూసుకునే గంగరాజు తమ్ముడు అప్పారావు కెమెరా ముందు బతికున్న చేపని పట్టుకుని చూపించాలి.

"ఆయనకి నచ్చిందంటే, ఫిరోజ్ గారూ, ఆ సాయంత్రమే మీ పర్మనెంటు ఆర్డరు. తేడా వచ్చిందంటే నేను మళ్ళీ చేపల్లోకే పోతాను, నా వెనకాల మీరు కాపలాకి."

ఫిరోజు చెవికి రెండో ముక్క ఎక్కలేదు. మొదటి ముక్క దగ్గరే ఆయన రక్తం లేచింది. పెద్ద సారు వస్తున్నాడు! పదిహేడేళ్ళ సర్వీసులో ఆయనకి గట్టిగా వచ్చిన విద్య ఒకటుంది. పెద్ద సారు వచ్చే ముందు రంగు వేయడం. జోర్హాటులో జనరలు వస్తున్నాడంటే దారి పక్క రాళ్ళకి సున్నం, చెట్ల మొదళ్ళకి ఎర్రమట్టి జాజు, బకెట్లకి ఎరుపు, గునపాలకి నలుపు. ఒకసారి జైసల్మేరులో పడుకున్న గాడిదకి కూడా కాళ్ళ వరకూ సున్నం పడింది, చీకట్లో రాయనుకుని. యుద్ధానికి సిద్ధంగా ఉన్నామా లేదా అని ఏ జనరలూ అడిగి ఎరగడు. రాళ్ళు తెల్లగా ఉన్నాయా అన్నదే చూసేవాడు. సిపాయి ఆఫీసర్ని తప్పుపట్టలేడు గాని, రాయి మురికిగా ఉంటే ఆఫీసరు సిపాయిని తప్పుపడతాడు.

మర్నాడు పొద్దున్నే బ్రష్షులతో దిగాడు. మెట్ల పక్క పూలకుండీలకి జాజు, అంచులకి సున్నం. సైకిల్ స్టాండుకి సున్నం. స్టాండుకి ఆనించి ఉన్న అభిరామ్ సైకిలుకి వెనక మడ్‌గార్డు మీద కాస్త. సలోమి తన పర్సు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నన్ను కూడా వేసేస్తారేంటండీ?" అంది.

"మీరు కదులుతున్నారు గనక అక్కర్లేదమ్మా," అన్నాడు ఫిరోజ్. నవ్వకుండానే అన్నాడు.

మధ్యాహ్నానికి మేడ మీదికి చేరాడు. టవరుకి తుప్పు. సిల్వరు పెయింటు డబ్బా మూత తీసి కింద నుంచి పైకి పట్టీ పట్టీ వేసుకుంటూ పోయాడు. పై కొసన మండవల్లి వైపు చూస్తూ డిష్ ఉంది. దాని మొహానికి గుండ్రటి తెల్లటి ప్లాస్టిక్ మూత, బోర్లించిన బేసినులా. దాని మీద ఏడాదిగా కాకులు చేసిన పనంతా అలాగే ఉంది. పెద్ద సారు తలెత్తి చూస్తే ముందు కనబడేది అదే గదా! తుడిచి ఒక పూత వేశాడు. ఆరాక రెండో పూత వేశాడు. దిగివచ్చి రోడ్డు మీద నిలబడి చూస్తే పొద్దుపోయే ఎండలో టవరు మొత్తం పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. తమ్మిలేరు వంతెన దాకా వెళ్ళి అక్కణ్ణించి కూడా చూసి వచ్చాడు. ఆ రోజు ఇంటికెళ్ళి కొక్కేనికున్న నీలం యూనిఫారానికి ఒక సెల్యూట్ కొట్టి, "నీ పని అయిపోయింది," అన్నాడు. భార్య నజ్నీన్ చూసి ఏమీ అనలేదు. మిలిటరీ వాడితో కాపురం చేసి చేసి ఏమీ అనకపోవడం ఆమెకి అలవాటైంది.

తెల్లారి ఆఫీసుకి వస్తే నెట్టు లేదు.

మండవల్లి లేదు. ఆ వైపు ఒక్క ఇల్లూ, ఒక్క కొట్టూ లేదు. అభిరామ్ స్క్రీను ముందు కూర్చుని మీటలు నొక్కీ నొక్కీ చెమటలు కక్కుతున్నాడు. రాత్రి చినుకులు పడ్డాయి కదా తేమ అన్నాడు. కాసేపాగి కొంగలు అన్నాడు. ఇంకాసేపాగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. చదువుకున్నవాడికి అదొక సుఖం ఉంది. తెలియని దానికి కూడా ఇంగ్లీషులో పేరు పెట్టి గట్టెక్కుతాడు. చదువు లేనివాడికి తెలియకపోతే తెలియనట్టే కనబడుతుంది.

గంగరాజు చలపతిరావు గారిని తీసుకురావడానికి వెళ్ళి ఇంకా రాలేదు. ఫిరోజ్ చొక్కా సర్దుకున్నాడు.

"కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ పెడతాం," అన్నాడు.

"ఏంటండీ అది?" అంది సలోమి.

"ఎక్కడ ఏ నష్టం జరిగినా మిలిటరీలో ముందు ఇదే. నిన్నటిదాకా ఉన్నది ఇవాళ లేదు. మధ్యలో ఎవరో ఏదో చేశారు. ఆ మనిషెవరో తేలాలి. ఇద్దరూ లైన్లో నిలబడండి."

"ఇద్దరం నిలబడితే లైనెలా అవుద్దండీ?"

"మాట్లాడకూడదు. చేతులు కిందకి. అభిరామ్, నిన్న సెట్టింగులు ఏమైనా మార్చావా?"

"లేదండీ, ఒట్టండీ."

"మెషీన్ల గదిలోకి వెళ్ళావా?"

"నా టిఫిన్ బాక్సు అక్కడే పెడతానండీ. చల్లగా ఉంటుంది గదాని."

"రాసుకోదగ్గ నేరమే. తర్వాత చూద్దాం. సలోమి గారూ, మీరు ఏదైనా స్విచ్చి కట్టేశారా?"

"లైటొకటి కట్టేశానండీ. సార్ కరెంటు బిల్లని గొడవ చేస్తారు గదండీ."

"ఆఖరి ప్రశ్న. ఆలోచించి చెప్పండి. నిన్న మధ్యాహ్నం తర్వాత మేడ మీద టవరు దగ్గరికి ఎవరు వెళ్ళారు?"

సలోమి ఆలోచించలేదు. "మీరేనండీ."

విచారణ ఆగిపోయింది.

"నేను వెళ్ళింది రంగు వేయడానికి," అన్నాడు ఫిరోజ్, కాస్త తగ్గి.

"టవరుకేనాండీ వేశారు?" అన్నాడు అభిరామ్. "డిష్‌కి కూడానా?"

"దానికి రెండు పూతలు."

"ఏం పెయింటండీ?"

"సిల్వరు. అల్యూమినియం పెయింటు. ఫస్ట్ క్వాలిటీ."

అభిరామ్ కుర్చీలో కూలబడ్డాడు. అది ఫిరోజ్ కుర్చీ. ఇటుక జారి కుర్చీ పక్కకి ఒరిగిపోయింది, ఐనా లేవలేదు. "డిష్ మొహానికి రేకు మూత పెట్టేశారండీ మీరు! ప్లాస్టిక్ అయితే సిగ్నలు దూరి పోద్దండీ. అల్యూమినియంలోంచి ఎలా దూరుద్దండీ?"

మిలిటరీ విచారణలో ముద్దాయి దొరికాక ఏం చేయాలో ఫిరోజుకి తెలుసు. ముద్దాయే తానైతే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

కింద కారు ఆగింది. అభిరామ్ గబగబా లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వెధవ మంచివాడే. "ఏవండీ, నోరు మెదపకండి. అవతల వైపు మెషీను పోయిందని చెప్పేద్దాం. సారు టవరెక్కి చూస్తారాండీ ఏవన్నానా? సాయంత్రం మీరు ఎక్కి ఆ మూత పీకేస్తే సరి. అప్పారావు గారిని తిట్టడం సారుకి అలవాటేనండీ, ఆయనకి తిట్లు తినడం అలవాటే. ఎవరికీ నష్టం లేదు."

నిజమే, ఎవరికీ నష్టం లేదు. ఫిరోజ్ కళ్ళ ముందు కొక్కేనికున్న నీలం చొక్కా కదిలింది. స్కూల్లో చప్పట్లు వినబడ్డాయి. నోరు మూసుకున్నాడు. వీరచక్రాలు వచ్చినవాళ్ళే నోళ్ళు మూసుకునే లోకంలో ఒక హవల్దారు మూసుకుంటే ఆకాశం ఊడిపడదు.

గంగరాజు చలపతిరావు గారిని పూలకుండీల మధ్యనుంచి పైకి తీసుకొచ్చాడు. చలపతిరావు గారు సన్నటి మనిషి, మృదువైన మాట. "ఎంత శుభ్రంగా పెట్టారండీ!" అన్నారు. కాఫీ వచ్చింది. కంప్యూటరు తెర మీద నల్లటి చతురస్రం తప్ప ఏమీ లేదు. అభిరామ్ అవతల మెషీను సంగతి చెప్పాడు.

గంగరాజు సెల్‌ఫోన్ తీసి మండవల్లికి కలిపాడు. అప్పారావు గొంతు ఎంత పెద్దదంటే ఫోను చెవికి దూరంగా పట్టుకోవాలి. కాబట్టి అందరికీ వినబడింది.

"అన్నయ్యా, బొచ్చె చేపని పట్టుకుని గంట నుంచి నిలబడ్డాను. తోకతో మొహం మీద కొడతందిరా బాబూ! కనబడతన్నానా?"

"నువ్వు కనబడితే ఈ ఫోనెందుకురా? ఏం చేశావు మెషీనుని?"

"నేనేం చేశానన్నయ్యా? చేపని పట్టుకున్నాను."

"నోర్ముయ్! చిన్నప్పటినుంచీ నీ చెయ్యి పడ్డదేదీ బాగుపళ్ళేదు. సెంటరు తాళాలు అక్కడ పడేసి ఇప్పుడే చెరువు గట్టుకి పో. రేపట్నుంచి అక్కడ కాపలా ఉండు. ఆ కుర్చీలో కూర్చోడానికి నువ్వు పనికిరావు!"

అవతల అంత పెద్ద గొంతూ ఒక్కసారిగా ఆరిపోయింది. చేప మాత్రం ఎక్కడో టపటపా కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది.

అప్పారావుని ఫిరోజ్ మహా అయితే నాలుగుసార్లు చూసి ఉంటాడు. వెళ్ళినప్పుడల్లా కాంటీన్ సరుకు గురించి అడిగి విసిగించేవాడు. ఐనా తిట్టినంతసేపూ ఊరుకోగలిగినవాడు, కాపలా అన్న మాట దగ్గర ఊరుకోలేకపోయాడు. తన బ్రష్షు చేసిన పనికి ఇంకొకడు కుర్చీ దిగి చెరువుగట్టు మీద నిలబడడమా? నిలబడడమంటే ఏమిటో ఈ గదిలో తన ఒక్కడికే తెలుసు.

మడమలు రెండూ ఠప్పున కలిశాయి.

"సర్! హవల్దార్ ఫిరోజ్ రిపోర్టింగ్, సర్! తప్పు మండవల్లిది కాదు, సర్! డిష్‌కి అల్యూమినియం రంగు వేసింది నేను, సర్! రెండు పూతలు, సర్!"

చలపతిరావు గారి కాఫీ సాసరులోకీ, సాసరు నుంచి పంచె మీదకీ దిగింది. సలోమి కళ్ళు మూసుకుంది. అభిరామ్ గోడకేసి తిరిగాడు.

గంగరాజు "రంగేంటి?" అన్నాడు. అర్థమయ్యేసరికి మొహం జాజు రంగుకొచ్చింది. "నిన్నెవడు వెయ్యమన్నాడయ్యా రంగు?"

"ఎవరూ చెప్పలేదు, సర్! పెద్ద సారు వస్తున్నారని, సర్!"

"కాళ్ళు పట్టుకుంటా, కాస్త మెల్లిగా చెప్పవయ్యా!"

"మూత తీసేస్తే వస్తుంది, సర్. పావుగంట ఇవ్వండి, సర్. తర్వాత మండవల్లి గట్టుకి నేనే వెళతాను, సర్. అప్పారావు గార్ని ఆ కుర్చీలోంచి లేపకండి."

జవాబు కోసం ఆగలేదు. స్పానరు జేబులో వేసుకుని మెట్లెక్కాడు. గుమ్మంలోంచి, కిటికీలోంచి అందరూ తలలు బయటికి పెట్టి చూశారు. మెరిసే టవరు మీద ఆ మనిషి ఉడతలా పైకి పోయాడు. వెండిరంగు ఇంకా పచ్చిగా ఉన్నచోట చేతులకీ, చొక్కాకీ, మీసానికీ అంటుకుంది. పైన బోల్టులు విప్పి మూత ఊడదీసి, బేసిను నెత్తిన పెట్టుకున్నట్టు పెట్టుకుని దిగసాగాడు.

ఆయన సగం దిగాడో లేదో తెర మీద నల్లదనం పోయింది. మండవల్లి వచ్చింది. గది వచ్చింది. అప్పారావు వచ్చాడు. తాళాల గుత్తి టేబులు మీద పెట్టి, చంకలో చేపతో, పక్కనున్న ఎవరితోనో గోడు చెప్పుకుంటున్నాడు. తాను కనబడుతున్నట్టు వాడికి తెలియదు. స్పీకర్లు పూర్తి సౌండులో ఉన్నాయి.

"...మా అన్నయ్య బుర్రలో బురద తప్ప ఇంకేముందండీ? ఇంటర్నెట్టంటే ఏంటో ఆయనకి తెల్సా అని! బ్యాంకోడు ఎవడో అమాయకుడు దొరికాడంట, ఆడి కళ్ళల్లో కొట్టటానికి నా చేత చేపని పట్టిచ్చాడు..."

గంగరాజు తెరకి అడ్డంగా నిలబడబోయాడు. చలపతిరావు గారు చేత్తో పక్కకి జరిపి, తడిసిన పంచె పట్టించుకోకుండా ముందుకి వంగి చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. కోపమనుకుని గంగరాజు బిక్కచచ్చిపోయాడు. నవ్వు. బ్యాంకులో ఇరవయ్యేళ్ళు నొక్కిపెట్టిన నవ్వంతా బయటికొచ్చింది.

"ఎంత క్లియరుగా వినబడుతోందండీ!" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "పక్క గదిలో తిట్టినట్టే ఉంది. మీ నెట్టు మీద నాకు అనుమానం లేదండీ."

అప్పుడే ఫిరోజ్ నెత్తిన మూతతో లోపలికొచ్చి నిలబడ్డాడు. మీసం ఒకవైపు వెండి. చలపతిరావు గారు ఆయన్ని కింది నుంచి పై దాకా చూశారు. బ్యాంకువాడి చూపు, తాకట్టుకొచ్చిన వస్తువుని చూసినట్టు.

"గంగరాజు గారూ, మిమ్మల్నొకటి అడుగుతాను. ఈయన్ని మీరెలాగూ తీసేస్తారు. మా బ్యాంకుకి ఇచ్చేయండి. తన తప్పు తానే ఒప్పుకునే మనిషిని నా సర్వీసులో చూళ్ళేదండీ. ఇలాంటివాడు క్యాషు దగ్గర ఉండాలి. గన్ ఇచ్చి గుమ్మంలో నిలబెట్టుకుంటాం."

అబద్ధం చెబితే కుర్చీ దక్కేది. నిజం చెబితే గన్ దక్కింది. అక్రమ్ కుట్టించిన చొక్కాకి కాళ్ళొచ్చి ఈ గది దాకా నడిచొచ్చినట్టే ఉంది.

కాని గంగరాజుని తక్కువ అంచనా వేయకూడదు. చేపలు అమ్మి పైకొచ్చిన మనిషి. గట్టు మీద పడి ఉన్న పిల్లచేప ధరైనా సరే, అవతలివాడు వేలు చూపిస్తే రెట్టింపవుతుందని తెలుసు. ఒక నిమిషం కింద మెడపట్టి గెంటేద్దామనుకున్న మనిషిని ఒక చీఫ్ మేనేజరు కోరి అడుగుతున్నాడు! అంటే ఈ మనిషిలో తనకి కనబడనిదేదో ఉంది. మన దగ్గర మనిషి విలువ పక్కవాడు అడిగితే గాని తెలియదు. భార్యలూ తల్లులూ కూడా దానికి మినహాయింపు కాదు.

"అదెలా కుదురుద్దండీ?" అన్నాడు గంగరాజు ఛాతీ విరిచి. "మా ఇంజనీరు గారిని మీరు గుమ్మంలో నిలబెడతారాండీ? ఆయన మా నెట్‌వర్క్ ఇన్‌ఛార్జండీ. పర్మనెంటు. నిన్ననే చేశాం."

సలోమి కళ్ళు తెరిచింది. "ఇవాళ టైపు చేస్తానండీ," అంది మెల్లగా.

"రంగు డబ్బా ముట్టుకోకూడదని కూడా టైపు చెయ్యమ్మా," అన్నాడు గంగరాజు.

సాయంత్రం ఫిరోజ్ ఇంటికొచ్చేసరికి అక్రమ్ స్వీటు పెట్టెతో ఎదురొచ్చాడు. "బావా! చలపతిరావు గారి ఆఫీసు నుంచి మా ఏజెన్సీకి ఫోను. ఫిరోజ్ అనే మనిషి దొరికితే చూడమన్నారు. చెప్పానా, మీ కోసం రాసిపెట్టి ఉందని!"

ఫిరోజ్ ఆర్డరు కాగితం తీసి చూపించాడు. అక్రమ్ అది చదివి, స్వీటు పెట్టె వెనక్కి తీసుకుందామా వద్దా అని ఆలోచనలో పడ్డాడు. అంతలో మెహర్ దాన్ని లాక్కుని లోపలికి పరిగెత్తింది.

నజ్నీన్ ఆర్డరు చూడలేదు. వెండిరంగు పట్టిన మొగుడి మీసం చూసింది, చంకలో ఉన్న ప్లాస్టిక్ మూత చూసింది. "ఏవండీ, ఈ బేసినేంటండీ?"

"దీని రంగు గీకి మళ్ళీ బిగించాలి. పెట్రోలు తెచ్చాను. మంచి మందపాటి గుడ్డలుంటే ఇయ్యి."

ఆమె ఇల్లంతా ఒకసారి కలయజూసింది. కత్తెర తీసుకుంది. కొక్కెం దగ్గరికెళ్ళి నీలం యూనిఫారం దించింది.

"అక్కా!" అన్నాడు అక్రమ్, గుండె పట్టుకుని. "కొత్త గుడ్డ!"

"మంచి గుడ్డేరా," అంది నజ్నీన్, చెయ్యి దగ్గర మొదలుపెట్టి. "పొట్ట దగ్గర ఎక్కువ వచ్చింది కూడాను."

మరుసటి వారం పెదపాడులో కొత్త కనెక్షను. ఒక రైతు ఇంటి డాబా మీద ఫిరోజ్ వైరు బిగిస్తున్నాడు. జేబులో నీలం గుడ్డ ముక్క, దాని కొసన ఎర్ర పట్టీ. కింద వాకిట్లో ఇంటాయన చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ పిలిచాడు.

"ఇంజనీరు గారూ! ఏవండీ ఇంజనీరు గారూ!"

ఫిరోజ్ చెయ్యి ఆగిపోయింది. ఇంకోసారి పిలిపించుకుందామని వినబడనట్టు ఉన్నాడు. ఆయన ఇంకోసారి పిలిచాడు. ఫిరోజ్ స్పానరు పక్కన పెట్టి, మీసం దిద్దుకుని, డాబా అంచుకొచ్చి తొంగిచూశాడు.

"చెప్పండి."

ఇంటాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీకు కాంటీన్ కార్డుందంట గదండీ?"